ఇమ్యునోథెరపీ మొదలై 4 నెలలు. బాబుకి ఐజీఈ (ఎలర్జీ తెచ్చే యాంటీబాడీ) తగ్గలేదు సరికదా, పెరిగింది. ఇలా అవుతుందా?

బుజ్జిగాడి_అమ్మ | ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి.

మా బాబుకి 5 ఏళ్లు. పల్లీలు పడవు. రెండేళ్లప్పుడు ఒక్క గింజ నోట్లో వేసుకున్నాడు. పది నిమిషాల్లో పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు, ఆ వెంటే వాంతులు. అప్పటి నుంచీ ప్రతి ప్యాకెట్ వెనకాల రాసింది చదవడమే మా పని. 4 నెలల క్రితం డాక్టర్ గారు ఓరల్ ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. 3 ఎంజీ పల్లీ ప్రొటీన్‌తో మొదలై, రెండు వారాలకోసారి క్లినిక్‌లో కూర్చోబెట్టి పెంచుతూ ఇప్పుడు 80కి వచ్చాం. మధ్యలో రెండుసార్లు జలుబు చేస్తే పెంచకుండా ఆపారు.

మొన్న రక్తపరీక్ష చేయించాం. పల్లీ ఐజీఈ మొదట్లో 38 ఉండేది. ఇప్పుడు 61! రిపోర్ట్ చూడగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టర్ గారేమో "మొదట్లో పెరుగుతుందమ్మా, కంగారు పడకండి" అన్నారు. బయట ఇంకో పదిమంది కూర్చుని ఉన్నారు, ఎందుకు పెరుగుతుందని అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. వాడు పొద్దున్నే స్పూన్ పట్టుకుని నోరు తెరుచుకుని వచ్చేస్తాడు. పడనిదాన్ని నా చేత్తో నేనే రోజూ పెట్టి, ఉన్న ఎలర్జీని ఇంకా పెంచుతున్నానేమో అని ఒకటే టెన్షన్. లోపల అసలేం జరుగుతోందో ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా?

ఇద్దరు_పిల్లల_నాన్న | ఆదివారం, రాత్రి 11:48

మాకూ ఇదే జరిగింది మేడమ్. మా పెద్దమ్మాయికి డస్ట్ మైట్ (ఇంటి దుమ్ములో ఉండే సూక్ష్మ పురుగులు) ఎలర్జీకి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు, ఇది మూడో ఏడాది. ఆరో నెలలో నంబర్ పెరిగిందని నేను ఆపేద్దామన్నాను, మా ఆవిడ ససేమిరా అంది. ఆవిడ మాటే నెగ్గింది, అదే మంచిదైంది. ఇప్పుడు మొదలుపెట్టినప్పటి కంటే తక్కువ ఉంది. ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో మాత్రం నన్నడక్కండి. కణం_కథ గారు నిద్ర లేవాలి.

కణం_కథ | సోమవారం, ఉదయం 7:05

లేచాను :) ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు. ల్యాబ్‌లో టీ కణాలతో (రోగనిరోధక కణాల్లో ఒక రకం) కుస్తీ పడే రీసెర్చ్ స్టూడెంట్‌ని. మోతాదు విషయంలో మీ డాక్టర్ మాటే ఫైనల్.

అమ్మగారూ, మీ రిపోర్ట్‌లో ఉన్నది రక్తంలో తిరుగుతున్న ఐజీఈ. గొడవ చేసేది అది కాదు. చర్మం కింద, పేగుల గోడల్లో, గాలి గొట్టాల్లో మాస్ట్ కణాలని ఉంటాయి. వాటి ఒంటి నిండా ఐజీఈ అతుక్కుని ఉంటుంది. పల్లీ ప్రొటీన్ వచ్చి పక్కపక్కనున్న ఐజీఈలను రెండింటిని కలిపి పట్టుకుందంటే చాలు, ఆ కణం తనలో దాచుకున్న సంచులన్నీ ఒక్కసారిగా బయటికి గుమ్మరిస్తుంది. అందులో ముఖ్యమైనది హిస్టమిన్. మీ బాబు పెదవులు ఉబ్బింది దాని పుణ్యమే. రక్తంలో తిరిగే ఐజీఈ ఆయుష్షు రెండు మూడు రోజులు. మాస్ట్ కణానికి అతుక్కున్నది వారాల తరబడి అక్కడే కాపురం ఉంటుంది.

ఇమ్యునోథెరపీలో అన్నిటికంటే ముందు మెత్తబడేవి ఈ మాస్ట్ కణాలు, రక్తంలో ఉండే వాటి చుట్టాలు బేసోఫిల్స్. సంచులు గుమ్మరించడానికి చాలనంత కొంచెం ప్రొటీన్ తగిలిందనుకోండి, కణం గుమ్మరించదు. ఆ ఐజీఈని, దాన్ని పట్టుకున్న రిసెప్టర్‌తో సహా లోపలికి లాగేసుకుంటుంది. రోజూ ఇలా జరుగుతుంటే దాన్ని రెచ్చగొట్టడానికి ఇంకా ఇంకా పెద్ద మోతాదు కావాల్సి వస్తుంది. మీవాడు 3 నుంచి 80కి వచ్చాడంటే చాలా వరకు ఈ మార్పు వల్లే. రక్తంలో నంబర్ పెరిగి కూడా వాడు ఆ 80 హాయిగా తింటున్నాడు చూశారా, ఈ రెండిటికీ నేరుగా లంకె లేదని మీ ఇంట్లోనే రుజువైంది.

ఇక 61 సంగతి. పల్లీని శత్రువుగా గుర్తుపెట్టుకున్న టీ కణాల్ని టీహెచ్2 అంటారు. ఇవి ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేత రసాయనాలు వదిలితే, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు ఐజీఈ తయారీకి దిగుతాయి. ఐఎల్-5 వదిలితే ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. ఇన్నేళ్లూ మీరు పల్లీ అన్నదే వాడి దగ్గరికి రానివ్వలేదు కాబట్టి ఇవన్నీ కునుకు తీస్తున్నాయి. ఇప్పుడు రోజూ తలుపు కొడుతున్నారు. లేచి కూర్చున్నాయి. పాత జ్ఞాపకం ఉన్న బీ కణాలూ లేచాయి. అందుకే మొదటి నెలల్లో ఐజీఈ పెరుగుతుంది. ఆ తర్వాత, అదే ప్రొటీన్ రోజూ వస్తూనే ఉంటే, టీహెచ్2 కణాలు నీరసిస్తాయి. కొన్ని చచ్చిపోతాయి, కొన్ని ఉన్నా పలకవు. ఏడాదీ రెండేళ్లకి నంబర్ మెల్లగా దిగుతుంది. మీ డాక్టర్ గారు ఒక్క వాక్యంలో చెప్పింది ఇదే.

క్లాసుకి టైమైంది. ఐజీజీ4 గురించి సాయంత్రం.

తుమ్ముల_తాత | సోమవారం, ఉదయం 9:30

బాబూ, చక్కగా చెప్పావు. నా మనవడికి గడ్డి పుప్పొడి పడదు, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తున్నారు. నాకు చిన్నప్పటి నుంచీ తుమ్ములే, మా కాలంలో ఇవేవీ లేవు. ఇది ఈ మధ్య కనిపెట్టిందేనా? ఒక రకంగా టీకాలాంటిదే కదా?

కణం_కథ | సోమవారం, సాయంత్రం 6:40

తాతగారూ, మీరు పుట్టకముందే ఉంది! 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ అనే డాక్టర్ గడ్డి పుప్పొడి రసాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ ఇంజెక్షన్లిచ్చి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. ఆయన త్వరగానే పోయాడు, తోటి డాక్టర్ జాన్ ఫ్రీమన్ ఆ పని కొనసాగించాడు. తమాషా ఏంటంటే నూన్ లెక్క తప్పు. పుప్పొడిలో ఒక విషం ఉందని, ఒంట్లో దానికి విరుగుడు పుట్టిస్తున్నానని అనుకున్నాడు. ఐజీఈ అనేది ఒకటుందని తెలిసింది ఇంకో యాభై ఏళ్లకి పైగా గడిచాక, 1960ల చివర్లో. సిద్ధాంతం తప్పు, మందు మాత్రం పనిచేసింది. మా గైడ్‌కి ఈ కథ నచ్చదు.

టీకాతో పోలిక సగమే సరి. టీకా అప్పుడప్పుడూ వచ్చి "వీడు శత్రువు, కొట్టు" అని నేర్పుతుంది. ఇక్కడ నెలలూ ఏళ్లూ పదేపదే చూపించి "వీడు మనవాడే, ఊరుకో" అని నేర్పాలి. ఊరుకోమని నేర్పడం కష్టం. అందుకే పుప్పొడికీ డస్ట్ మైట్‌కీ 3 నుంచి 5 ఏళ్ల కోర్సు.

ఆ "ఊరుకో" అనే మాట చెప్పేవి టీ-రెగ్ కణాలు. ఇవి ఐఎల్-10, టీజీఎఫ్-బీటా వదులుతాయి. ఐఎల్-10 ఒక దెబ్బకి రెండు పనులు చేస్తుంది: టీహెచ్2ల నోరు మూయిస్తుంది, బీ కణాల్ని ఐజీఈ నుంచి ఐజీజీ4 వైపు మళ్లిస్తుంది. ఐజీజీ4 అంటే గొడవ చెయ్యని యాంటీబాడీ. పల్లీ ప్రొటీన్ మాస్ట్ కణం దాకా వెళ్లకముందే దారిలో పట్టేసుకుంటుంది. ఇంజెక్షన్ల కోర్సులో ఇది పది నుంచి వంద రెట్ల దాకా పెరుగుతుంది. తేనెటీగలు పెంచేవాళ్లను తీసుకోండి. ఏటా ఎన్నో కుట్లు తింటూ కూడా మామూలుగా ఉండేవాళ్ల రక్తంలో ఈ ఐజీజీ4 దండిగా ఉంటుంది. ఇమ్యునోథెరపీ చేసేది దాదాపు అదే.

మనవడి మాత్ర నాలుక కిందే ఎందుకంటే, అక్కడ మాస్ట్ కణాలు తక్కువ. బయటి పదార్థాన్ని పట్టుకెళ్లి టీ కణాలకు చూపించే డెండ్రిటిక్ కణాలు మాత్రం అక్కడే కాచుకుని ఉంటాయి. మింగెయ్యకుండా కాసేపు అలాగే ఉంచుకోమనేది అందుకే.

ఇద్దరు_పిల్లల_నాన్న | సోమవారం, రాత్రి 8:15

అయితే ఐజీఈ వదిలేసి ఐజీజీ4 టెస్ట్ చేయించుకుంటే సరిపోతుందిగా? ఎన్నో పదార్థాలకి ఒకేసారి చేస్తామని ఆన్‌లైన్‌లో ప్యాకేజీలు కూడా ఉన్నాయి.

రాత్రి_డ్యూటీ | సోమవారం, రాత్రి 8:50

దయచేసి ఆ ప్యాకేజీల జోలికి వెళ్లకండి. నేను పిల్లల వార్డ్ నర్స్‌ని. ఐజీజీ4 ఎక్కువుందని చూసి పిల్లలకి మంచి తిండి మాన్పించి, బరువు తగ్గాక తీసుకొచ్చినవాళ్లను చూశాను. మామూలుగా రోజూ తినే పదార్థాలకి అది ఉండటం సహజం. ఐజీజీ4తో ఎలర్జీ ఉందో లేదో తేల్చకూడదని ఎలర్జీ డాక్టర్ల సంఘాలే చెబుతున్నాయి.

కణం_కథ | సోమవారం, రాత్రి 9:02

నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఇంకోటి కలుపుతా. ఇమ్యునోథెరపీలో ఉన్న పిల్లల్లో ఐజీజీ4 బాగా పెరిగినా మందు అంతంత మాత్రంగా పనిచేసినవాళ్లున్నారు. అంటే దాని పరిమాణం ఒక్కటే చాలదు, ప్రొటీన్‌ని ఎంత గట్టిగా, ఏ చోట పట్టుకుంటోందన్నది కూడా లెక్కే. సాయంత్రం నేను టీ-రెగ్‌లని పొగిడాను కానీ ఆహార ఎలర్జీల్లో వాటి కథ అంత తిన్నగా లేదు. కొన్ని పరిశోధనల్లో మధ్యలో పెరిగి మళ్లీ తగ్గాయి, కొన్నిట్లో పెద్దగా తేడానే లేదు. టీహెచ్2లు నీరసించడం మాత్రం ఎక్కువ చోట్ల కనిపించింది. మా ల్యాబ్‌లో ఈ పాయింట్ మీద టీ తాగుతూ గొడవలు జరుగుతాయి.

గడ్డిపువ్వు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అందరూ ధైర్యం చెబుతున్నారు, మంచిదే. నా అనుభవం కూడా వినండి.

మా పాపకి పల్లీయే. 7 ఏళ్లకి మొదలుపెట్టి మెయింటెనెన్స్ (ఇక పెంచకుండా రోజూ కొనసాగించే మోతాదు) 300 ఎంజీకి వచ్చింది. ఏడాదిన్నర ఏ గొడవా లేదు. మాకు వైద్యం చేసినచోట "ఇంక భయం లేదు" అన్నారు, మేమూ "తగ్గిపోయింది" అని అందరికీ చెప్పుకున్నాం. తర్వాత ప్రయాణాలు, ఇంట్లో ఒకరికి బాలేకపోవడం, ఇలా మూడు వారాలు డోస్ ఇవ్వడం కుదరలేదు. తిరిగొచ్చాక అదే 300 అలవాటుగా పెట్టాను. ఇరవై నిమిషాలకి దగ్గు. తర్వాత గొంతు పట్టేస్తోందంది. పాప నా చెయ్యి తీసి తన మెడ మీద పెట్టి "ఇక్కడ" అంది. ఎడ్రినలిన్ తొడకి వేసి పరిగెత్తాం. దేవుడి దయ, బాగానే ఉంది.

తగ్గడం వేరు, అణగడం వేరు అని మాకెవరూ చెప్పలేదు. నా కోపమంతా అదే.

రాత్రి_డ్యూటీ | మంగళవారం, మధ్యాహ్నం 3:25

మీ పోస్ట్ చదివి ఒళ్లు జలదరించింది అక్కా. ముందు, మీరు ఇంజెక్షన్ వెయ్యడానికి వెనకాడలేదు చూడండి, అది పెద్ద విషయం. చాలామంది సిరప్ పట్టించి ఎదురు చూస్తూ టైం పోగొడతారు.

డోసులు కొన్ని రోజులు వరసగా తప్పితే పాత మోతాదు ఇంట్లో ఎప్పుడూ పెట్టకూడదు. ఫోన్ చేసి అడగాలి, తగ్గించి క్లినిక్‌లోనే మళ్లీ మొదలుపెడతారు. బుజ్జిగాడి అమ్మగారూ, ఇది మీకూ. నిన్న హాయిగా తిన్న 80 ఎంజీ ఈ రోజు పడకపోవచ్చు: జ్వరం ఉంటే, కడుపు బాలేకపోతే, తిన్న వెంటనే పరుగులు పెడితే, వేడినీళ్ల స్నానం చేస్తే, రాత్రి సరిగా నిద్ర లేకపోతే. డోస్ తర్వాత రెండు మూడు గంటలు ఆటలొద్దనేది, ఖాళీ కడుపుతో వద్దనేది అందుకే. ఆస్తమా ఉన్న పిల్లలైతే, అది అదుపులో లేనప్పుడు ఏ రకం ఇమ్యునోథెరపీ అయినా ప్రమాదమే. మింగడానికి ఇబ్బంది, తరచూ కడుపునొప్పి, వాంతులు ఉంటే దాచొద్దు. కొద్దిమంది పిల్లల్లో అన్నవాహికలో ఇసినోఫిల్స్ చేరతాయి, అప్పుడు ఆపాల్సి రావచ్చు. ఇంజెక్షన్ కోర్సువాళ్లు అరగంట క్లినిక్‌లో కూర్చోవాల్సిందే, "బానే ఉన్నాడుగా" అని లేచి వెళ్లిపోవద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, మోతాదు, ఎన్నింటికి, ఆ రోజు ఒంట్లో ఎలా ఉంది, తర్వాత ఏం జరిగింది. యాప్‌లు వద్దు, నోట్‌బుక్కే. కంగారులో ఎవరైనా తీసి చదవగలగాలి.

కణం_కథ | మంగళవారం, రాత్రి 10:30

గడ్డిపువ్వు గారి పాపకి జరిగింది కణాల భాషలో చెప్పాలంటే: మాస్ట్ కణాలు అణిగాయి, పాత జ్ఞాపకం చెరగలేదు. రోజూ డోస్ పడుతున్నంత కాలమే ఆ అణకువ. డోస్ ఆగగానే కొత్త ఐజీఈ వచ్చి కణాల మీద ఖాళీ అయిన చోట్ల కూర్చుంటుంది. డోస్ తింటున్నంత కాలం తట్టుకోవడాన్ని డీసెన్సిటైజేషన్ అంటారు. మానేసిన తర్వాత కూడా నెలల తరబడి తట్టుకుంటే దాన్ని రెమిషన్ అంటారు. ఈ రెండూ ఎంత దూరమో రెండు పెద్ద పరిశోధనల్లో కనబడుతుంది.

2018లో వచ్చిన పాలిసేడ్‌లో 4 నుంచి 17 ఏళ్ల పిల్లలు సుమారు ఏడాది పల్లీ పొడి తీసుకున్నాక, 67.2% మంది ఒకేసారి 600 ఎంజీ ప్రొటీన్ తట్టుకున్నారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో అది 4%. ఒక పల్లీగింజలో దాదాపు 250-300 ఎంజీ ఉంటుంది, అంటే రెండు గింజలు. పొరపాటున నోట్లో పడితే ప్రాణం మీదికి రాకుండా ఉండటానికి అది చాలు, పిడికిళ్లతో తినడానికి కాదు. అందులో ఉన్నది డీసెన్సిటైజేషన్ మాత్రమే.

2022లో ఇంపాక్ట్ వచ్చింది. 146 మంది, అందరూ 4 ఏళ్ల లోపు పసివాళ్లు. 134 వారాల మందు, తర్వాత 26 వారాలు పూర్తిగా మానిపించారు. మందు ముగిసినప్పుడు 71% మంది 5,000 ఎంజీ తట్టుకున్నారు. ఆరు నెలలు మానేశాక కూడా అంతే తట్టుకున్నది 21%. ఉత్తుత్తి మందు వాళ్లలో రెండుచోట్లా 2%. 71కీ 21కీ మధ్య పడిపోయినవాళ్లున్నారే, వాళ్లే గడ్డిపువ్వు గారి పాపలాంటివాళ్లు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ 21%లో చేరే అవకాశం ఎవరికి ఎక్కువంటే, మొదలుపెట్టినప్పుడు వయసు తక్కువ, ఐజీఈ తక్కువ ఉన్నవాళ్లకి.

బుజ్జిగాడి_అమ్మ | మంగళవారం, రాత్రి 11:15

అయితే మేం ఆలస్యం చేశామా? రెండేళ్లప్పుడే మొదలుపెట్టాల్సిందా? ఆ జ్ఞాపకం ఏ కణంలో ఉంటుంది, అది ఎప్పటికైనా పోతుందా?

కణం_కథ | బుధవారం, ఉదయం 6:50

ఆలస్యం అనుకోకండి. 5 ఏళ్లంటే చిన్నవాడే. పాలిసేడ్‌లో వాడికంటే పెద్దవాళ్లే ఎక్కువ.

జ్ఞాపకం ఒక్కచోట లేదు, చిక్కంతా అదే. పల్లీని గుర్తుపట్టే బీ కణాలు చాలావరకు ఐజీఈ చెయ్యవు, ఐజీజీ చేసే రూపంలో నిద్రపోతుంటాయి. మళ్లీ ఎలర్జీ తరహా సంకేతం అందితే అప్పుడు ఐజీఈ వైపు మారతాయి. వాటికి ఆ సంకేతం ఇచ్చే టీ కణాలు వేరే. ఎముక మజ్జలో ఏళ్ల తరబడి ఉండి ఐజీఈ చేస్తూ పోయే ప్లాస్మా కణాలు కూడా కొన్ని ఉండొచ్చు. ఇమ్యునోథెరపీ టీ కణాల్ని బాగా కదిలిస్తుంది, బీ కణాల్ని కొంత, ప్లాస్మా కణాల్ని దాదాపు ముట్టుకోలేదు. చిన్నపిల్లల్లో ఈ జ్ఞాపకం ఇంకా గట్టిపడి ఉండదు. థైమస్ గ్రంథి కూడా బాగా పనిచేస్తూ కొత్త టీ కణాల్ని, టీ-రెగ్‌లతో సహా, దండిగా పంపుతుంటుంది. చిన్న వయసు కలిసిరావడానికి ఇదొక కారణం అని నా ఊహ, నిరూపితమైందని మాత్రం చెప్పను.

ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ పేరు ఎక్కడో ఒకచోట వింటారు కాబట్టి చెబుతున్నా. అది రక్తంలోని ఐజీఈని పట్టేసుకుంటుంది, మాస్ట్ కణాలకు చేరనివ్వదు. 2024 ఫిబ్రవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆహార ఎలర్జీలకి, ఏడాది దాటిన పిల్లల నుంచీ, అనుమతించింది. అది కూడా కాపలాయే. కాపలాదారు వెళ్లిపోతే ఇల్లు మళ్లీ పాత ఇల్లే.

తుమ్ముల_తాత | బుధవారం, ఉదయం 8:20

తల్లీ, నువ్వు ఆలస్యం చేశానని దిగులు పడకు. ఈ మాత్రతో మనవడికి రేపు ఆస్తమా రాకుండా ఉంటుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా బాబూ?

కణం_కథ | బుధవారం, ఉదయం 8:45

సగం నిజం తాతగారూ. గడ్డి పుప్పొడి మాత్ర మీద 812 మంది పిల్లలతో, 5 నుంచి 12 ఏళ్లవాళ్లతో, ఒక పెద్ద పరీక్ష జరిగింది. మూడేళ్లు మందు, రెండేళ్లు ఊరికే గమనించడం. గట్టి కొలతల ప్రకారం ఆస్తమా నిర్ధారణ అయ్యే సమయంలో తేడా రాలేదు. కానీ ఐదేళ్ల చివర ఆస్తమా లక్షణాలున్న, మందులు వాడుతున్న పిల్లలు మాత్ర తీసుకున్న గుంపులో తక్కువ. మందు ఆపిన రెండేళ్లకి కూడా ముక్కు, కళ్ల బాధ తగ్గే ఉంది. పుప్పొడి విషయంలో ఈ "ఆపాక కూడా నిలవడం" పల్లీ కంటే బాగుంటుంది.

బుజ్జిగాడి_అమ్మ | 19 రోజుల తర్వాత, రాత్రి 9:40

అందరికీ అప్‌డేట్. 120కి వచ్చాం. చర్మ పరీక్ష కూడా చేశారు, మోచేతి కింద వరసగా గీతలు గీసి చుక్కలు పెట్టి. మొదట్లో పల్లీ దగ్గర లేచిన బొబ్బ 12 మిల్లీమీటర్లు, ఇప్పుడు 7. వాడు దాన్ని పక్కనున్న హిస్టమిన్ చుక్కతో పోల్చి "ఇది దానికంటే కొంచమే పెద్దది" అని పందెం గెలిచినట్టు చెప్పాడు. ఈసారి ఎందుకు, ఏమిటి అని డాక్టర్ గారిని అడిగాను, మీరు చెప్పినవి చెబితే ఆయన ఆశ్చర్యపోయి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఏడాది పూర్తయ్యేదాకా ఐజీఈ చేయించొద్దని ఇద్దరం అనుకున్నాం. చూస్తే నాకే నిద్ర పట్టదు.

గడ్డిపువ్వు గారూ, పాపని మళ్లీ మొదలుపెట్టించారా?

గడ్డిపువ్వు | మరుసటి రోజు, ఉదయం 7:15

పోయినవారం మొదలుపెట్టించాం. 20 నుంచి. ఈసారి డోస్ పాపే నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. నిన్నటి పేజీ ఇదీ: "సోమ. 20. ఉదయం 7:30. టిఫిన్ తిన్నాను. నాలుక గిల – కొంచెం, 5 నిమిషాలు. ఆట – లేదు (అమ్మ ఆపింది). తుమ్ములు 2, కానీ అవి మిరియాల వల్ల."